లాసా ఆప్సో, షిట్జు: రెండు చిన్న పెంపుడు జాతుల మధ్య ఎంపిక

లాసా ఆప్సో, షిట్జు టిబెట్ మూలాలున్న రెండు చిన్న కుక్క జాతులు. నేల దాకా వేలాడే జుట్టు, వీపు మీదికి ఒంగిన కుచ్చుతోక, ఎత్తుకంటే పొడుగెక్కువైన ఒళ్లు, మీసాలూ గడ్డమూ ఉన్న మొహం. పైపైన చూస్తే రెండూ ఒకటే. మన దేశంలో పెంపుడు జంతువుల దుకాణాల్లో ఒకదాని పేరు చెప్పి ఇంకోదాన్ని అమ్మడం, రెండింటికీ కలిపి పుట్టించిన పిల్లను ఏదో ఒక పేరుతో అంటగట్టడం మామూలే. కొనేవాళ్లు కూడా ‘ఏదైతేనేం, చిన్నగా ముద్దుగా ఉంటే చాలు’ అనుకుంటారు. అయితే వీటిలో ఒకటి కాపలా కోసం పెంచిన కుక్క, రెండోది ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి పెంచిన కుక్క. ఆ తేడా వాటి స్వభావంలోనే కాదు, మూతి పొడుగులో, వచ్చే జబ్బుల్లో, మే నెల మధ్యాహ్నం అవి ఊపిరి తీసుకునే తీరులో కూడా కనిపిస్తుంది.

అంతర్జాతీయ శునక సమాఖ్య ఎఫ్‌సీఐ రెండింటినీ తోడు కుక్కలకు కేటాయించిన 9వ గ్రూపులో, టిబెట్ జాతుల కింద చేర్చింది. షిట్జు ప్రమాణం సంఖ్య 208, లాసా ఆప్సోది 227. పుట్టిన చోటు టిబెట్ అనీ, జాతి ప్రమాణాల బాధ్యత బ్రిటన్‌దనీ రెండింటికీ ఒకేలా రాసి ఉంటుంది. మన దేశంలో జాతి కుక్కల వంశావళిని నమోదు చేసే ప్రధాన సంస్థ చెన్నై కేంద్రంగా పనిచేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా. కుక్కల వ్యాపారంలో ఉన్నవాళ్లు ‘కేసీఐ పేపర్లు’ అనేది దాని ధ్రువపత్రాలనే.

గుర్తుపట్టడం ఎలా

జుట్టు చూసి ఏదీ తేల్చలేం. మొహం మీది వెంట్రుకలను రెండు చేతులతో వెనక్కి దువ్వి, పక్క నుంచి చూడాలి. లాసాకు ముక్కు కొస నుంచి నొసటి గుంట దాకా మూతి 4 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. పుర్రె సన్నం. కళ్లు మధ్యరకం, కోలగా ఉంటాయి, బయటికి పొడుచుకురావు. షిట్జుకు అదే మూతి 2.5 సెంటీమీటర్లే. తల గుండ్రంగా, వెడల్పుగా ఉంటుంది. కళ్లు పెద్దవి, గుండ్రనివి, ఎడంగా ఉంటాయి. ముక్కుదూలం మీది వెంట్రుకలు పైకి, పక్కలకు విచ్చుకుని పెరుగుతాయి కాబట్టి, జుట్టు కత్తిరించని షిట్జు మొహాన్ని చామంతి పువ్వుతో పోల్చడం పెంపకందారుల్లో వాడుక. లాసా జుట్టు నుదుటి మీద నుంచి రెండు పక్కలకీ తిన్నగా జారి కళ్ల మీద పడుతుంది.

వెంట్రుకను వేళ్ల మధ్య నలిపి చూసినా తేడా తెలుస్తుంది. లాసాది బరువైన, బిరుసు వెంట్రుక. షిట్జుది మెత్తగా, ఒత్తుగా ఉంటుంది, కొంచెం అల తిరుగుతుంది. ఎత్తులో పెద్ద తేడా లేదు. రెండూ భుజం దగ్గర 25–27 సెంటీమీటర్లకు అటూ ఇటూ. బరువు లాసా 5 నుంచి 8 కిలోలు, షిట్జు నాలుగున్నర నుంచి 8 కిలోలు. రంగులు రెండింటికీ అన్నీ ఉన్నాయి. లాసాలో బంగారు ఛాయకూ, రంగురంగుల షిట్జులో నొసటి మీద తెల్లటి చారకూ గిరాకీ ఎక్కువ.

రెండు నెలల పిల్లల్లో ఈ తేడాలు అంత స్పష్టంగా ఉండవు. అందుకే తల్లిని చూపించమని అడగాలి. తల్లిని చూపించకుండా సంచిలో పిల్లను తెచ్చి, రైల్వేస్టేషన్ దగ్గరో పెట్రోలు బంకు దగ్గరో చేతిలో పెట్టేవాళ్ల దగ్గర కొనడమంటే జాతి సంగతి అటుంచి, ఆరోగ్యం సంగతి కూడా దేవుడి మీద వదిలేయడమే.

టిబెట్ నుంచి

టిబెట్‌లోని లాసా నగరం సముద్రమట్టానికి 3,650 మీటర్ల ఎత్తున ఉంది. పగలు ఎండ చుర్రుమంటుంది, రాత్రి గడ్డకట్టే చలి, ఎప్పుడూ దుమ్ము గాలి. ఆ వాతావరణానికి తగ్గట్టే లాసా ఆప్సోకు బిరుసు పైజుట్టు, దాని కింద మెత్తని లోజుట్టు, కళ్లకు అడ్డంగా పడే ముందు జుట్టు, గట్టి పాదాలు ఏర్పడ్డాయి. బౌద్ధ మఠాల్లో, జమీందారీ ఇళ్లలో వీటిని పెంచారు. గుమ్మం బయట గొలుసుతో కట్టిన పెద్ద టిబెటన్ మాస్టిఫ్ ఉంటే, ఇంటి లోపల ఈ చిన్నది ఉండేది. దీని పని కరవడం కాదు. కొత్త అలికిడిని ముందుగా పసిగట్టి మొరిగి చెప్పడం. వీటిని అమ్మేవాళ్లు కారనీ, గౌరవ సూచకంగా కానుక ఇచ్చేవాళ్లనీ టిబెట్ వెళ్లొచ్చిన యాత్రికులు రాశారు.

బయటి ప్రపంచానికి లాసా అలా కానుకగానే చేరింది. అమెరికన్ యాత్రికుడు సుయ్‌డమ్ కటింగ్, ఆయన భార్య హెలెన్‌లకు 13వ దలైలామా 1933లో ఒక జంటను పంపించాడు. న్యూజెర్సీలో వాళ్ల హామిల్టన్ ఫామ్ నుంచే అమెరికా లాసాల వంశం మొదలైంది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1935లో ఈ జాతిని గుర్తించి ముందు టెర్రియర్ల గ్రూపులో పెట్టింది. లాసాకూ టెర్రియర్లకూ సంబంధం లేదని ఆలస్యంగా గ్రహించి 1959లో ఆ గ్రూపు నుంచి తప్పించింది. ఇంగ్లండుకు తీసుకెళ్లింది సిక్కింలో బ్రిటిష్ పొలిటికల్ ఆఫీసరుగా పనిచేసిన ఎఫ్.ఎం. బెయిలీ దంపతులు. 1928 ప్రాంతంలో వాళ్లు తమ కుక్కలతో స్వదేశం చేరారు.

పెకింగ్ అంతఃపురం

షిట్జు కథ టిబెట్‌లో మొదలై చైనాలో తయారైంది. టిబెట్ లామాలు చైనా చక్రవర్తులకు పంపిన చిన్న కుక్కలకు అక్కడి పెకింగీస్ రక్తం కలిసి ఈ జాతి ఏర్పడిందని ఎక్కువమంది చరిత్రకారులు నమ్ముతారు. బౌద్ధంలో సింహానికి ఉన్న పవిత్రత వల్ల, సింహం జూలును తలపించే ఇలాంటి కుక్కలంటే రెండుచోట్లా మోజు. చింగ్ వంశపు రాజమాత త్సూషీ అంతఃపురంలో పెకింగీస్, పగ్, షిట్జులను వేరువేరుగా పెంచి, సంతతి మీద స్వయంగా శ్రద్ధ పెట్టేది. వాటి రోజువారీ పెంపకం అంతఃపుర కొజ్జాల చేతుల్లో ఉండేది. గొప్ప మూతి, గొప్ప కాళ్లు అక్కర్లేని కుక్కలవి. పట్టు పరుపు మీద, మనిషి ఒడిలో బతకాలి. మొహం ఎంత గుండ్రంగా ఉంటే అంత మెచ్చుకోలు.

1908లో త్సూషీ చనిపోయింది. 1912లో రాజరికమే పోయింది. అంతఃపుర కుక్కలు చెల్లాచెదురయ్యాయి. వాటిలో కొన్నింటిని పెకింగ్‌లో ఉన్న విదేశీయులు తీసుకెళ్లడం వల్లే ఈ జాతి ఈరోజు ఉంది. జనరల్ డగ్లస్ బ్రౌన్‌రిగ్, ఆయన భార్య 1930లో ఒక జంటను ఇంగ్లండు చేర్చారు. 1932లో డెన్మార్క్ దౌత్యవేత్త హెన్రిక్ కౌఫ్‌మన్ మూడింటిని నార్వే తీసుకెళ్లాడు. ఈనాటి షిట్జులన్నీ కేవలం 14 కుక్కల సంతానమని పెంపకందారులు లెక్క చెబుతారు. అంత ఇరుకైన మూలం నుంచి వచ్చిన జాతిలో వంశపారంపర్య జబ్బులు పదే పదే తలెత్తడంలో ఆశ్చర్యం లేదు.

ఈ రెండింటినీ కలగాపులగం చేయడం ఈనాటి దుకాణాలతో మొదలు కాలేదు. బ్రిటన్‌లో మొదట బెయిలీల కుక్కలూ బ్రౌన్‌రిగ్‌ల కుక్కలూ ఒకే జాతి కింద లెక్కకు వచ్చాయి. 1933లో చెల్టెన్‌హామ్ ప్రదర్శనలో రెండు రకాలూ పక్కపక్కన నిలబడ్డాక అక్కడున్న వాళ్లకే విషయం అర్థమైంది. చైనా నుంచి వచ్చినవి పొట్టి కాళ్లతో, వెడల్పు తలలతో, కురచ మూతులతో ఉన్నాయి. ఆ తర్వాతే టిబెట్ జాతుల సంఘం, షిట్జు క్లబ్ విడివిడిగా ఏర్పడ్డాయి. 1940లో బ్రిటిష్ కెన్నెల్ క్లబ్ షిట్జుకు సొంత రిజిస్టరు ఇచ్చింది. 1952లో ఎవాన్స్ అనే పెంపకందారు జాతిని మెరుగుపరుస్తానంటూ ఒక పెకింగీస్‌తో సంకరం చేయడం పెద్ద దుమారం రేపింది. అమెరికాలో గందరగోళం ఇంకా ఎక్కువకాలం సాగింది. ఇంగ్లండు నుంచి వచ్చిన కొన్ని షిట్జులను అక్కడ లాసాలుగా నమోదు చేసి లాసాలతో కలిపేశారు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ షిట్జును పూర్తిగా గుర్తించి టాయ్ గ్రూపులో చేర్చింది 1969లోనే.

2004లో ‘సైన్స్’ పత్రికలో 85 జాతుల జన్యువులను పోల్చిన అధ్యయనం వెలువడింది. తోడేలుకు జన్యుపరంగా దగ్గరగా ఉన్న పాత వంశాల గుంపులో హస్కీ, అకితా, బసెంజీలతో పాటు లాసా ఆప్సో, షిట్జు, పెకింగీస్ కూడా తేలాయి. రిబ్బను కట్టుకుని సోఫా మీద కూర్చున్న కుక్క ఆ జాబితాలో ఉందంటే చాలామంది నమ్మలేకపోయారు.

స్వభావం

కాలింగ్ బెల్ మోగిందనుకుందాం. లాసా అప్పటికే తలుపు దగ్గర ఉంటుంది. లిఫ్టు ఆగిన చప్పుడుకే లేచి ఉంటుంది. కొరియరు అబ్బాయి వెళ్లిపోయాక కూడా రెండు నిమిషాలు గొణుగుతుంది. ఇంటికి వచ్చిన చుట్టాన్ని దూరం నుంచి చూసి, వాసన పట్టి, తనకు నచ్చినప్పుడు దగ్గరికి వస్తుంది. షిట్జు కూడా ఒకటి రెండుసార్లు మొరగవచ్చు. ఆ తర్వాత వచ్చినవాళ్ల కాళ్ల దగ్గర వెల్లకిలా పడుకుని పొట్ట చూపిస్తుంది. దొంగకైనా అదే మర్యాద.

లాసా ఒకరిద్దరిని తనవాళ్లుగా ఎంచుకుంటుంది. గట్టిగా అరిచి, కొట్టి దారికి తెద్దామనుకుంటే మొండికేస్తుంది. అది కుదురుకోవడానికి మూడేళ్ల దాకా పడుతుంది. తిండి గిన్నె, పడక, తన బొమ్మ విషయంలో పట్టుదల ఎక్కువ కాబట్టి, పాకే వయసు పిల్లలున్న ఇంటికి తేవాలంటే బాగా ఆలోచించాలి. చిన్నప్పుడే, నాలుగు నెలలు దాటకముందే, రకరకాల మనుషులను, ఆటో శబ్దాలను, ప్రెషర్ కుక్కర్ విజిళ్లను అలవాటు చేస్తే పెద్దయ్యాక బెదురు తగ్గుతుంది. పగలంతా ఎవరూ లేని ఇంట్లో కొన్ని గంటలు ఒంటరిగా ఉండటం లాసాకు అంత కష్టం కాదు.

షిట్జుకు అదే పెద్ద శిక్ష. అది మనిషి కోసమే పుట్టించిన జీవి. భార్యాభర్తలిద్దరూ ఉదయం 9కి వెళ్లి రాత్రి 8కి వచ్చే ఇంట్లో షిట్జును పెంచడం నాకు న్యాయంగా కనిపించదు. వెళ్లిన దగ్గర్నుంచీ ఏడవడం, తలుపు గీరడం, తన కాళ్లను తానే నాకి పుండు చేసుకోవడం మొదలుపెడుతుంది. అదే పొద్దంతా ఇంట్లో ఉండే తాతయ్య, నానమ్మల దగ్గర షిట్జుకు మించిన తోడు లేదు. వాళ్లు పేపరు చదువుతుంటే పక్కన పడుకుంటుంది, మధ్యాహ్నం కునుకు తీస్తే అదీ తీస్తుంది.

శిక్షణ విషయంలో రెండూ తీరికున్న మనుషుల ఓపికను కూడా పరీక్షిస్తాయి. కెనడా మనస్తత్వవేత్త స్టాన్లీ కోరెన్ 1994లో ఆజ్ఞాపాలన ఆధారంగా వేసిన వరసలో రెండూ బాగా కిందనే ఉన్నాయి. దీన్ని తెలివితక్కువతనం అనుకోకూడదు. లాసాకు చెప్పింది అర్థమవుతుంది, చేయాలా వద్దా అని ఆలోచిస్తుంది. షిట్జుకు చెప్పినదానికన్నా చెప్పేవాళ్ల మీద ధ్యాస ఎక్కువ. ఒకటికీ రెంటికీ బయటికి వెళ్లాలన్న అలవాటు రావడానికి రెండింటికీ ఆరేడు నెలలు పట్టినా కంగారు పడనవసరం లేదు. మూత్రం పోసినచోట ముక్కు రుద్ది కొట్టే పాత పద్ధతి వల్ల కుక్క నేర్చుకునేది ఒక్కటే. మనం చూడనిచోట పోయాలని.

ఫ్లాట్లలో ఉండేవాళ్లకు లాసా మొరుగుడు ఇరుగుపొరుగుతో తగాదా తేవచ్చు. పెంపుడు కుక్కల మీద అపార్ట్‌మెంటు సంఘాలు నిషేధం విధించరాదనీ, లిఫ్టు వాడకుండా అడ్డుకోరాదనీ భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. హక్కు ఉన్నమాట నిజమే. రాత్రి 2 గంటలకు పక్కింటి పసిపాప నిద్ర లేచిపోతే హక్కు పత్రం చూపించి లాభం లేదు. మొరుగుడును అదుపు చేయడం నేర్పడం యజమాని బాధ్యత. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ దగ్గర పెంపుడు కుక్కకు లైసెన్సు తీసుకోవడం, రేబిస్ టీకా చీటీ దగ్గర ఉంచుకోవడం కూడా అంతే.

ఎండ

తెలుగు నేల మీద ఈ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకునేవాళ్లు అన్నింటికంటే ముందు ఆలోచించాల్సింది ఎండ గురించి. రామగుండం, రెంటచింతల, కొత్తగూడెం ప్రాంతాల్లో మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజులుంటాయి. విజయవాడ, విశాఖల్లో డిగ్రీలు కాస్త తక్కువైనా గాలిలో తేమ ఎక్కువ. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పుతూ, నోటిలోని తడి ఆవిరయ్యేలా చేసి ఒంటి వేడి దించుకుంటుంది. ముక్కు లోపలి పొరల మీదుగా గాలి పోయేటప్పుడు కూడా చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఆవిరి కాదు. మూతి కురచైతే గాలి ఆడే దారే ఇరుకు.

షిట్జు చిక్కు ఇదే. కురచ పుర్రెలో ముక్కు రంధ్రాలు సన్నగా నొక్కుకుపోయి ఉండటం, అంగుడు వెనక మెత్తని కండ పొడుగై గాలిగొట్టానికి అడ్డు పడటం ఇలాంటి జాతులన్నింటిలో కనిపించే లోపాలు. ఊపిరి ఆడక మరింత బలంగా రొప్పుతుంది. ఆ శ్రమకే ఒళ్లు ఇంకా వేడెక్కుతుంది. కుక్క మామూలు ఉష్ణోగ్రత 38.3 నుంచి 39.2 డిగ్రీలు. 41 దాటితే అవయవాలు దెబ్బతింటాయి. 2003లో పగ్ కుక్కతో తీసిన హచ్ మొబైల్ ప్రకటన వచ్చాక ఊరూరా పగ్‌లను కొన్నారు. ఎండాకాలంలో వడదెబ్బ తగిలిన పగ్‌లను చూడని పశువైద్యులు మన దగ్గర ఉండరు. షిట్జుది అంత తీవ్రమైన పరిస్థితి కాకపోయినా దారి అదే.

వడదెబ్బ గుర్తులు: ఆగని రొప్పు, జిగటగా కారే చొంగ, ముదురు ఎరుపెక్కిన చిగుళ్లు, తూలుతూ నడవడం, వాంతి. ఆ క్షణంలో నీడకు మార్చి, ఒళ్లంతా మామూలు కుళాయి నీళ్లు పోస్తూ ఫ్యాను పెట్టి, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఇంటి నుంచే చల్లార్చడం మొదలుపెట్టాలి, ఆస్పత్రికి వెళ్లాక చూద్దామనుకోకూడదు. వేసవిలో నడక సూర్యుడు పైకి రాకముందే ముగించాలి. సాయంత్రం తారు రోడ్డు మీద అరచేయి వెనకభాగం ఐదారు సెకన్లు ఆనించలేకపోతే కుక్క పాదాలూ ఆనవు.

లాసాకు కూడా ఎండ పడదు, అదీ చలిదేశపు కుక్కే. కానీ మూతి పొడుగు వల్ల కొంత వెసులుబాటు ఉంది. ఏసీ లేని ఇంట్లో, కోస్తా ఉక్కపోతలో పెంచేవాళ్లకు ఈ రెండింటిలో లాసాయే మేలని నా నిశ్చితాభిప్రాయం. షిట్జే కావాలంటే ముక్కు రంధ్రాలు బాగా తెరుచుకున్న, మూతి కాస్త ముందుకున్న పిల్లను వెతకాలి. పిల్లను రెండు నిమిషాలు పరిగెత్తించి, ఆగాక దగ్గరగా చెవి పెట్టి వినండి. నోరు మూసుకుని నిశ్శబ్దంగా ఊపిరి తీస్తే మంచిది. గురక, ఈల లాంటి చప్పుడు వస్తే, ప్రతి పీల్పుకూ ముక్కు రెక్కలు లోపలికి ముడుచుకుపోతుంటే వదిలేయండి. అదేదో ముద్దుగా ఉందని చెప్పేవాళ్ల మాట వినకండి.

జబ్బులు

2024లో బ్రిటన్‌లో దాదాపు 5 లక్షల 85 వేల కుక్కల వివరాలతో వచ్చిన అధ్యయనంలో లాసా ఆప్సో మధ్యగత ఆయుష్షు 14 ఏళ్లు, షిట్జుది 12.8 ఏళ్లు. రెండూ దీర్ఘాయుష్షు జాతులే. అందుకే వచ్చే జబ్బుతో ఏళ్ల తరబడి కాపురం చేయాల్సి వస్తుంది.

రెండింటికీ ఉమ్మడిగా ఉన్న పెద్ద ప్రమాదం మూత్రపిండాలు పుట్టుకతోనే సరిగా ఎదగకపోవడం. వంశంలో నడిచే జబ్బు ఇది. ఏడాది రెండేళ్ల వయసులోనే కుక్క అతిగా నీళ్లు తాగడం, అతిగా పోయడం, తిన్నా చిక్కిపోవడం కనిపిస్తే మూత్ర, రక్త పరీక్షలు, అల్ట్రాసౌండ్ చేయించాలి. కాల్షియం ఆక్సలేట్ రాళ్లు కూడా రెండు జాతుల్లో తరచుగా వస్తాయి. నీటి గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచడం, తిండిలో తడి ఉండేలా చూడటం ఇందుకే. మోకాలి చిప్ప జారడం, వెన్నుపూసల మధ్య దిండు పక్కకు జరగడం రెండింటిలోనూ ఉన్నవే. మంచం మీద నుంచి, సోఫా మీద నుంచి రోజుకు పదిసార్లు దూకనివ్వకపోవడం వీటికి మంచిది.

లాసాలో ప్రత్యేకంగా చూడాల్సింది కంటి రెటీనా క్రమంగా క్షీణించే వంశపారంపర్య వ్యాధి. ముందు చీకట్లో తడబడుతుంది, తర్వాత పగలు కూడా. దీనికి జన్యు పరీక్ష ఉంది కాబట్టి పెంపకందారు తల్లిదండ్రులకు చేయించాడో లేదో అడగవచ్చు. చర్మపు అలర్జీలు, తైలగ్రంథుల వాపు వల్ల పొట్టు రాలి జుట్టు ఊడటం కూడా లాసాల్లో కనిపిస్తాయి.

షిట్జు కళ్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. గుంట లోతుగా లేకపోవడం వల్ల కనుగుడ్డు బయటికి ఉంటుంది. రెప్ప పూర్తిగా మూసుకోదు. దుమ్ము, గడ్డిపోచ, తన వెంట్రుకే తనకు గీసుకుని కార్నియా మీద పుండు పడుతుంది. ఒక కన్ను సగం మూసి చూడటం, కన్ను ఎర్రబడటం, పంజాతో రుద్దుకోవడం, గుడ్డు మీద నీలి మసక రావడం చూస్తే ఆ పూటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. రేపు చూద్దాం అన్నందుకు కన్ను పోయిన కుక్కలు ఎన్నో. ఇంట్లో ఉన్న ఏదో కంటిచుక్కల మందు వేయడం అంతకన్నా ప్రమాదం. స్టెరాయిడ్ ఉన్న చుక్కలు పుండును లోతు చేస్తాయి. మెడ దగ్గర గట్టిగా లాగినా, పెద్ద కుక్క కరిచి విదిలించినా షిట్జు కనుగుడ్డు గుంటలోంచి బయటికి వచ్చేసే ప్రమాదం ఉంది. అందుకే మెడపట్టీ కాకుండా ఛాతీ చుట్టూ వేసే హార్నెస్ వాడాలి. ఇరుకు దవడలో పళ్లు కిక్కిరిసి ఉంటాయి, పాలపళ్లు ఊడకుండా ఉండిపోతాయి. చిన్నప్పటి నుంచే పళ్లు తోమడం అలవాటు చేస్తే సగం బాధ తప్పుతుంది.

మన దగ్గర జాతితో పని లేకుండా పొట్టనపెట్టుకునేవి పార్వో వైరస్ జబ్బు, గోమార్ల ద్వారా వచ్చే జ్వరాలు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, తర్వాత మూడు నాలుగు వారాలకొకటి చొప్పున నాలుగు నెలల వయసు దాకా, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా. దట్టమైన జుట్టులో గోమారు దాక్కుంటే బయటికి కనిపించదు. చెవుల లోపల, వేళ్ల సందుల్లో, మెడ కింద వేళ్లతో తడిమి చూడాలి.

తిండి

6 కిలోల కుక్కకు రోజుకు సుమారు 350–400 కేలరీలు సరిపోతాయి. మనం ప్రేమగా పెట్టే రెండు ఇడ్లీలతోనే అందులో నాలుగో వంతు అయిపోతుంది. మన వంటింట్లో అసలు చిక్కు ఉల్లి, వెల్లుల్లి. కూర పులుసు కలిపిన అన్నం, చికెన్ గ్రేవీ రోజూ పెడితే ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను పాడుచేస్తాయి. ముందే మూత్రపిండాల ముప్పున్న ఈ రెండు జాతులకు పండగనాటి పాయసం అడుగు నాకించడం మంచిది కాదు. చాక్లెట్ సంగతి అందరికీ తెలిసిందే.

జుట్టు

రెండూ పెద్దగా జుట్టు రాల్చవని, అందుకే ఇల్లు శుభ్రంగా ఉంటుందని అమ్మేవాళ్లు చెబుతారు. రాలకపోవడం నిజం కాదు. రాలిన వెంట్రుక కింద పడకుండా పైజుట్టులో చిక్కుకుంటుంది. రోజూ దువ్వెన పడకపోతే అదే జడకడుతుంది. జడలు ముందుగా కట్టేది చెవి వెనక, చంకల్లో, తొడల మధ్య, హార్నెస్ రాసుకునేచోట. పైపైన బ్రష్ తిప్పితే జుట్టు మెరుస్తూనే ఉంటుంది, అడుగున చర్మాన్ని లాగుతూ గడ్డలు పెరుగుతుంటాయి. జుట్టును పాయలుగా విడదీసి, చర్మం కనిపించేదాకా పైకెత్తి, కింది పొర నుంచి మొదలుపెట్టి ఒక్కో పొరా స్టీలు దువ్వెనతో దువ్వాలి. దువ్వెన ఎక్కడా ఆగకుండా వస్తేనే పని అయినట్టు. చిక్కు తీయకుండా స్నానం చేయించారో, తడిసిన జడ ఎండేటప్పుడు బిగుసుకుని కత్తెరకు తప్ప దేనికీ లొంగదు. స్నానం తర్వాత మొదలు దాకా ఆరబెట్టకపోతే వానాకాలంలో వారం తిరక్కుండా వాసన, బూజు వస్తాయి.

ఎనిమిది నెలలకూ ఏడాదికీ మధ్య పిల్లజుట్టు పోయి పెద్దజుట్టు వచ్చేటప్పుడు చిక్కు విపరీతం. చాలామంది విసిగిపోయేది అప్పుడే. షిట్జు మెత్తని జుట్టు తొందరగా జడకడుతుంది, లాసా బిరుసు జుట్టు కొంత దయ చూపుతుంది. ప్రదర్శనలకు తీసుకెళ్లనివాళ్లు నేలదాకా జుట్టు పెంచాల్సిన పనే లేదు. నెలన్నరకోసారి ఒంటి మీద రెండు మూడు సెంటీమీటర్లు ఉంచి కత్తిరించే ‘పప్పీ కట్’ మన వాతావరణానికి చాలు. వేసవి కదా అని నున్నగా గొరిగించడం మాత్రం తగదు. చర్మం ఎండకు కమిలిపోతుంది, జుట్టు తిరిగి సరిగా రాకపోవచ్చు.

విదేశం వెళ్లే కుటుంబాలు

అమెరికా వెళ్లేటప్పుడు కుక్కను వెంట తీసుకెళ్లాలనుకునే తెలుగువాళ్లు పెరిగారు. పొట్టి మూతి కుక్కలను విమానం సరుకుల అరలో చాలా సంస్థలు ఎక్కించుకోవు. షిట్జు ఆ జాబితాలో దాదాపు ఎప్పుడూ ఉంటుంది. కొన్ని సంస్థలు లాసానూ చేర్చాయి. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికాలో అడుగుపెట్టే ప్రతి కుక్కకూ కనీసం 6 నెలల వయసు, మైక్రోచిప్ తప్పనిసరి. భారత్ రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో ఉంది కాబట్టి, అక్కడ టీకా వేయించుకోని కుక్కలకు ఇక్కడి టీకా ధ్రువీకరణ, రక్త పరీక్ష లాంటి అదనపు షరతులు కూడా ఉన్నాయి. ఏడాదిలో వీసా రావచ్చని ఎదురుచూస్తున్నవాళ్లు కుక్కను తెచ్చుకునే ముందే ఇదంతా లెక్కలో పెట్టుకోవాలి.

ఎక్కడ తెచ్చుకోవాలి

జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం కింద 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు కావాలి. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. 35 రోజులకే పిల్లను ఇచ్చేసే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. అంత చిన్న వయసులో తల్లినీ తోబుట్టువులనూ వదిలి వచ్చిన పిల్లకు ఎంత గట్టిగా కరవవచ్చో, ఎక్కడ ఆగాలో నేర్పేవాళ్లుండరు. తల్లిపాల రక్షణ తగ్గి టీకా ఇంకా పనిచేయని ఆ రోజుల్లోనే పార్వో కబళిస్తుంది. ‘టీకప్’, ‘ఇంపీరియల్’ పేర్లతో రెండు కిలోల షిట్జులను ఎక్కువ ధరకు అమ్ముతారు. ఏ కెన్నెల్ క్లబ్బూ అలాంటి రకాన్ని గుర్తించలేదు. అవి ఈతలో బలహీనంగా పుట్టినవాటిని జతకట్టించి తీసిన పిల్లలు.

పిల్లే కావాలన్న పట్టుదల లేనివాళ్లకు ఇంకో మంచి దారి ఉంది. జుట్టు చాకిరీకి, మొరుగుడుకు, బదిలీలకు తట్టుకోలేక ఏడాది రెండేళ్ల కుక్కలను వదిలించుకునే కుటుంబాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. హైదరాబాద్‌లో అక్కినేని అమల 1992లో స్థాపించిన బ్లూ క్రాస్ వంటి సంస్థలు జంతువుల దత్తత నిర్వహిస్తాయి. ఎదిగిన కుక్కయితే మూతి ఎంత, ఊపిరి ఎలా ఉంది, కొత్తవాళ్లతో ఎలా మసలుతుంది, పిల్లలను ఓర్చుకుంటుందా అన్నవి కళ్లెదుటే తెలుస్తాయి. మూత్రపిండాల పరీక్ష, కంటి పరీక్ష చేయించి మరీ తెచ్చుకోవచ్చు. కొత్త ఇంట్లో షిట్జు వారంలో కలిసిపోతుంది. లాసాకు రెండు మూడు నెలలు పట్టవచ్చు. అన్ని రోజులూ దాన్ని ఎత్తుకోవడానికి ప్రయత్నించకుండా, ఒకే వేళకు తిండి పెడుతూ, అదే వచ్చి కాళ్ల దగ్గర కూర్చునేదాకా ఆగాలి.